కొననివారి కన్నీళ్లు

ఫుట్‌బాల్ పత్రిక మూతపడితే విలపించే హక్కు దానిని ఏనాడూ కొననివారికే చెందుతుందన్న సంప్రదాయం మన చెన్నపట్నంలో స్థిరపడింది కనుక, ఆ విలాపానికి తగిన మర్యాదలను నిర్ణయించడం అవసరమని భావిస్తున్నాను.

గత ఆదివారం ట్రిప్లికేన్ పైక్రాఫ్ట్స్ రోడ్డు పేవ్‌మెంటు మీద, పాత పుస్తకాల గుట్టలో మా పక్కవాటా పెద్దమనిషికి ‘షూట్’ అనే ఫుట్‌బాల్ పత్రిక పాత సంచిక ఒకటి దొరికింది. 1969లో ఇంగ్లండులో పుట్టిన ఆ వారపత్రికతోపాటు అక్కడి పిల్లలకు చీలికలు కోసిన అట్ట ఒకటి వచ్చేది. గెలుపోటములను బట్టి జట్ల పేర్ల చీటీలను వారం వారం అందులో పైకీ కిందికీ మార్చుకునేవారు. ఆ అట్ట కూడా సంచికలోనే ఉంది, చీటీలే సగం లేవు. కొట్టువాడు ఎనభై అన్నాడు, ఈయన ఇరవై అన్నారు. పది నిమిషాల బేరం తరువాత ఆయన సంచికను అట్టపెట్టె మీద నిలబెట్టి, వెనకాల అడ్డంగా ఉన్న వంటల పుస్తకాన్ని తప్పించి, నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసుకుని, యథాస్థానంలో పెట్టేసి, ఆటో ఎక్కి ‘నా బాల్యం నేడు మరణించింది’ అని ఫోనులో రాశారు. పత్రిక పోయింది 2008లో; మైల మాత్రం ఇప్పుడు పట్టింది.

‘‘ఎన్ని సంచికలు కొన్నారండీ?’’ అని అడిగాను.

‘‘కొనడమెందుకండీ, మా మేనమామగారింట్లో చదివేవాణ్ణి.’’

‘‘ఆయన కొనేవారా?’’

‘‘అబ్బే, పక్కింటివాళ్లు ఇచ్చేవారు.’’

ఆ పక్కింటివారికి ఎవరిచ్చారో విచారించే ఓపిక నాకు లేకపోయింది. ఫుట్‌బాలే ఊపిరిగా బతికే అర్జెంటీనాలో 1919లో పుట్టిన ‘ఎల్ గ్రాఫికో’ సైతం వారపత్రికగా సాగి, 2002లో మాసపత్రికగా చిక్కి, 2018లో అచ్చు మానేసింది. ఇక మన సంగతి చెప్పేదేముంది?

చెప్పాలి! 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి చేరిన భారత జట్టునూ, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిన జట్టునూ తీర్చిదిద్దినవాడు మన హైదరాబాదు బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆ స్వర్ణం వచ్చి ఏడాది తిరగకుండానే క్యాన్సర్‌తో కన్నుమూశాడు. మా వాటాల్లో ఆయన పేరు ఎరిగినవాడు ఒక్కడు లేడు, లివర్‌పూల్ రిజర్వు గోల్‌కీపరు జాతకం మాత్రం అందరికీ కంఠతా వచ్చు. ఛీ, సిగ్గులేని జాతి! మన ఆటగాళ్ల గురించి రాసే పత్రికకు పది రూపాయలు రాల్చని చేతులు, ఎక్కడో ఇంగ్లీషు సీమలో పోయిన పత్రికకు నివాళిగా ఫోనులో దండాలు పెడతాయి.

ఆ సంచిక ఇంకా అక్కడే ఉంది. నిన్న వెళ్లి నేను కూడా అరవైకి అడిగి, ఇవ్వనంటే తిరిగి వచ్చేశాను.