ఒత్తిడిలో ఆక్సిజన్‌తో బొగ్గు: మన బూడిదతోనే పరీక్షించాలి

థర్మల్ కేంద్రం పొగగొట్టంలోంచి వచ్చేదాంట్లో ఎక్కువ భాగం నైట్రోజనే. గాలిలో 78 శాతం ఉండే ఈ వాయువు మంటకు సాయపడదు, బాయిలర్లో వేడెక్కి ఊరికే బయటికి పోతుంది. దాంతో కలిసిపోయిన 12-15 శాతం కార్బన్ డయాక్సైడ్‌ను విడదీయడానికే బోలెడు ఖర్చు. అదే గాలికి బదులు ఆక్సిజన్‌తో బొగ్గు మండిస్తే, మిగిలేది ప్రధానంగా కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి. ఆవిరిని చల్లబరిస్తే నీరవుతుంది. మిగతా వాయువును పట్టుకోవచ్చు.

చిక్కంతా ఆక్సిజన్ తయారీలోనే ఉంది. గాలిని ద్రవంగా మార్చి ఆక్సిజన్ తీయడానికి, కేంద్రం ఉత్పత్తి చేసే కరెంటులో దాదాపు ఆరో వంతు పోతుంది. జర్మనీలోని ష్వార్జె పుంపెలో 2008లో, ఆస్ట్రేలియాలోని కాలైడ్‌లో 2012లో ప్రయోగ ప్లాంట్లు మొదలయ్యాయి. కాలైడ్ అయితే ఆక్సిజన్‌తో పది వేల గంటలకు పైగా నడిచింది. 2015 నాటికి రెండూ ఆగిపోయాయి. ఆ ఏడాదే అమెరికా ప్రభుత్వం కూడా ఇదే పద్ధతిలో తలపెట్టిన ఫ్యూచర్‌జెన్ 2.0 అనే ప్లాంటు నుంచి తప్పుకుంది. ఇంత చేసి వదిలేశారే అని నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఒత్తిడి పెంచితే లెక్క మారుతుంది. కుక్కర్లో నీళ్లు వంద డిగ్రీలు దాటాకే మరుగుతాయని తెలిసిందే. ఆవిరి నీరయ్యేటప్పుడూ అంతే. పది, పదిహేను రెట్ల వాతావరణ పీడనంలో బొగ్గు మండిస్తే, పొగలోని ఆవిరి వంద డిగ్రీల పైనే నీరవుతుంది. అప్పుడు వదిలే వేడితో బాయిలర్‌కు వెళ్లే నీళ్లను కాచుకోవచ్చు. మామూలు కేంద్రంలో ఈ వేడంతా ఆకాశంలో కలిసిపోయేదే. సల్ఫర్, నైట్రోజన్ ఆక్సైడ్లు కూడా చాలావరకు ఆ నీటిలోనే ఆమ్లాలుగా దిగిపోతాయి. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ ఈ పద్ధతిపై ఏళ్లుగా పనిచేస్తోంది.

అయితే వాళ్ల ఫలితాలు చూసి మనం టెక్నాలజీ కొనేస్తే సరిపోదు. అమెరికా బొగ్గులో బూడిద పది శాతం అటూ ఇటూ. మన దగ్గర 30 నుంచి 45 శాతం. ఒత్తిడిలో ఉన్న పాత్రలోకి బొగ్గు పంపడమే కష్టం. అంత బూడిదను ఒత్తిడి పోకుండా బయటికి తీయడం ఇంకా కష్టం. వాల్వులు అరిగిపోతాయి, గొట్టాలు పూడుకుపోతాయి. ఈ సమస్య అక్కడివాళ్లకు ఇంత తీవ్రంగా లేదు కాబట్టి మన తరఫున వాళ్లు పరిష్కరించరు.

మనకు అనుభవం బొత్తిగా లేదనుకోనక్కర్లేదు. బూడిద ఎక్కువున్న మన బొగ్గును గ్యాస్‌గా మార్చి మిథనాల్ తీసే చిన్న ప్లాంటును బీహెచ్ఈఎల్ హైదరాబాద్‌లో 2022 జనవరిలో ప్రారంభించింది. ఆ ఇంజినీర్లకే ఒకటి రెండు మెగావాట్ల ప్రయోగ బాయిలర్ అప్పగించి, సింగరేణి బొగ్గుతో నడిపించాలి. పట్టుకున్న కార్బన్ డయాక్సైడ్‌ను భూమిలో ఎక్కడ దాచాలనే సర్వే కూడా అదే సమయంలో జరగాలి. చోటు చూపించకుండా బాయిలర్ ఒక్కటే కడితే, కాలైడ్ లాగే అదీ కొన్నాళ్లు నడిచి ఆగిపోతుంది.