పెట్రోలు గుడ్డ, సున్నం, కలరా ఉండలు: కందిరీగల మెసేజీకి నా జవాబు

"కారులో కందిరీగలు గూడు పెట్టాయా? ఈ ఆరు చిట్కాలు చాలు, డాక్టరు అక్కరలేదు" అనే మెసేజీ వారం నుంచి నా వెంట పడింది. పాతపట్నం నుంచి మా బావగారు పంపారు, బరంపురం నుంచి మేనల్లుడు పంపాడు. ఇక్కడ పర్లాకిమిడిలో మా వీధి గ్రూపులో అయితే పొద్దున ఒకరు, రాత్రి ఒకరు. విడివిడిగా బదులివ్వడానికి ఓపిక చాలక అందరికీ కలిపి రాస్తున్నాను.

మొదటిది: గూడు తీసేస్తే రాణి ఈగ పగబట్టి అదే కారును వెతుక్కుంటూ వస్తుందట. నాగుపాముకు అంటగట్టిన కథ చాలలేదు కాబోలు. ముందుకు వెళదాం.

రెండో చిట్కా పెట్రోలులో ముంచిన గుడ్డను కర్రకు చుట్టి గూటికి ఆనించమంటుంది. ఈగలు చస్తాయి, నిజమే. కానీ గూడు ఎక్కడ ఉంటుంది? పక్క అద్దం వెనక, తలుపు సందులో, బానెట్ కింద. మా ఇంటి ముందు నెలల తరబడి కదలని కారుకు, పెట్రోలు పోసే చోట ఉండే రేకు మూత వెనక పెట్టాయి. సన్నని కాడకు వేలాడే బూడిద రంగు కాగితపు గూడు, రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దది. గదుల నోళ్లన్నీ కిందికి, రెండింటికి తెల్లటి మూతలు. దాని మీద ఒక ఈగ రెక్కలు పైకెత్తి నన్నే చూస్తూ నిలబడింది. పక్కనే ట్యాంకు మూత. అక్కడ పెట్రోలు గుడ్డ పెట్టాలట! మైనస్ 40 డిగ్రీల చలిలోనూ అంటుకునే ఆవిరి అది. గాలి కంటే బరువు కాబట్టి కిందనే పరుచుకుని నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటుంది. కందిరీగలతో పాటు కారు బెడద కూడా వదులుతుంది.

మూడోది మరీ ముచ్చట. అద్దాలు దించి 80 వేగంతో తోలితే గాలికి ఎగిరిపోతాయట. ఆర్.ఉదయగిరి వైపు కొండ మలుపుల్లో ఎవరైనా ఈ ప్రయోగం చేస్తారేమోనని నా భయం. మెడ మీద ఈగ వాలితే చెయ్యి స్టీరింగ్ మీద నిలుస్తుందా? దారిలో ఈగ కనిపిస్తే మెల్లగా పక్కకు ఆపి, తలుపులు తీసి, దిగిపోండి.

ఇక నాకు నిద్ర పట్టనివ్వనిది నాలుగోది. "తేనెటీగ విషం ఆమ్లం, సున్నం రాయండి. కందిరీగ విషం క్షారం, నిమ్మరసం రాయండి. ఆసుపత్రి ఖర్చు దండగ." పదో తరగతి రసాయన శాస్త్రం ఇంత పనికి వస్తుందని మన మాస్టార్లకు కూడా తెలియదు. విషం చర్మం లోపలికి దిగింది, సున్నం పైన ఉంది. రెండూ ఎక్కడ కలుసుకుంటాయి? అసలు బాధ పెట్టేది ఆమ్లమూ కాదు, క్షారమూ కాదు. ఎండిన తేనెటీగ విషంలో దాదాపు సగం మెలిటిన్ అనే పదార్థమే, అది కణాలకు చిల్లులు పొడుస్తుంది. దాని మీద సున్నం రాస్తే కుట్టిన మంటకు కాలిన మంట తోడవుతుంది. తేనెటీగ అయితే ముల్లు చర్మంలోనే ఉండి విషం ఎక్కిస్తూనే ఉంటుంది. గోటితో గీకినా, వేళ్లతో లాగినా సరే, వెంటనే తీయడమే ముఖ్యం. తరువాత సబ్బుతో కడిగి ఐసు పెట్టండి, చాలు.

చాలు అన్నది ఒకటి రెండు కుట్లకు, అదీ అలర్జీ లేనివాళ్లకు. కుట్టిన చోట కాకుండా ఒళ్లంతా దద్దుర్లు లేచినా, పెదవులు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగినా అది నిమిషాల వ్యవహారం. అప్పుడు కావలసింది తొడకు అడ్రినలిన్ ఇంజక్షన్. అలర్జీ మాత్ర దానికి బదులు కాదు, నిమ్మకాయ అసలే కాదు. గుంపుగా పడి కుట్టితే ఇంకో ప్రమాదం ఉంది: ఆ రోజు బాగానే ఉన్న మనిషికి తరువాత మూత్రం ముదురు రంగులోకి మారి, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. "ఖర్చు దండగ" అని రాసిన మహానుభావుడు డయాలసిస్ ఖర్చు కూడా లెక్క వేసి చెబితే బాగుండేది. 108కు ఫోను చేసినప్పుడు ఊరితో పాటు జిల్లా, రాష్ట్రం కూడా చెప్పండి. నది అవతల ఆంధ్ర, ఇవతల ఒడిశా. మన ఫోను ఏ వైపు టవర్‌ను పట్టుకుందో మనకు తెలియదు కదా.

ఐదోది, సీట్ల కింద కలరా ఉండలు. ఎండలో మూసి ఉన్న కారు, అందులో ఆ ఘాటు, వెనక సీటులో పిల్లలు! జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉండడం) ఉన్న పిల్లలకు, ఈ ఉండల్లో ఉండే నాఫ్తలీన్ ఎర్ర రక్తకణాలనే పగలగొడుతుంది. మలేరియాకు వాడే ప్రైమాక్విన్ పడనిదీ వీళ్లకే. ఇన్ని మలేరియా జ్వరాలు చూసిన జిల్లాలో ఈ సలహా తిరగడం సిగ్గుచేటు.

ఆరోదాన్ని కూడా ఉతికి ఆరేయాలనే కూర్చున్నాను, కానీ కుదరలేదు. చీకటి పడ్డాక సబ్బు నీళ్లు చల్లమన్నాడు. అది పనిచేస్తుంది, బావగారూ. ఉత్త నీళ్లు కందిరీగ ఒంటి మీద నిలవకుండా జారిపోతాయి. సబ్బు కలిస్తే ఒంటికి పట్టి, ఊపిరి తీసే రంధ్రాల్లోకి దిగుతాయి, రెక్కలు అతుక్కుంటాయి. చీకట్లో అన్నీ గూటి మీదే ఉంటాయన్నదీ నిజమే. ఒంటినిండా బట్టలు వేసుకుని, టార్చి చేతిలో కాకుండా పక్కన ఎక్కడైనా పెట్టి, దూరం నుంచి పిచికారీ చేయండి. అయితే ఇది బిళ్లంత గూటికి వైద్యం. బానెట్ కింద గుమ్మడికాయంత గూడు ఉంటే ఆ పని తెలిసినవాళ్లను పిలవండి. తేనెటీగల గుంపు కారు మీద వాలితే అసలు ముట్టుకోవద్దు. కొత్త చోటు వెతుక్కునే దారిలో ఆగినవి కాబట్టి సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో వాటి దారిన అవే పోతాయి. అంతవరకు బస్సు ఎక్కండి.