గ్రాముల పిచ్చి

కార్బన్ ఫైబర్ అన్న మాట కనిపిస్తే చాలు, చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది. నాదీ పోయింది, మంచు మీద జారే కార్బన్ స్కీల జత ఒకటి కొన్నాను. సరదాకి క్లబ్ రేసుల్లో దిగే నాలాంటివాడికి ఈకల్లాంటి స్కీలెందుకని ఒక్కసారీ ఆలోచించలేదు.

మెత్తటి మంచు మీద హాయిగానే ఉన్నాయి. కానీ రేసు ట్రాక్ మెత్తగా ఉండదు కదా, నీళ్లు ఎక్కించి మరీ గడ్డకట్టిస్తారు. దాని మీద మొదటి మలుపులోనే స్కీలు గడగడమన్నాయి. అంచు దిగుతుంది, లేస్తుంది, మళ్లీ దిగుతుంది. నా పళ్లూ దానికి తాళం వేశాయి.

ప్రపంచ కప్ రేసర్ల స్కీల లోపల ఇప్పటికీ చెక్కే ఉంటుంది, దానికి పైనా కిందా టైటనాల్ అనే అల్యూమినియం మిశ్రమలోహపు రేకులు. చాదస్తం కాదు. ఆ రేకులు అదురుని మింగేసి అంచుని మంచుకి అంటిపెట్టి ఉంచుతాయి. కొండ మీంచి కిందికి దూసుకొచ్చే డౌన్‌హిల్ రేసులో మగవాళ్ల స్కీ పొడవు 218 సెంటీమీటర్లకి తగ్గకూడదని రూలే ఉంది. 2013లో స్విట్జర్లాండ్‌లోని వెంగెన్‌లో ఫ్రెంచ్ రేసర్ జొహాన్ క్లారే గంటకి 161.9 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. ఆ వేగంలో కాళ్ల కింద ఎగిరెగిరిపడే స్కీలుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. నేను ఊహించుకోను, నాకు టెన్షన్.

అసలు ఈ గ్రాముల లెక్క కొండ ఎక్కేవాళ్లది. 2026 వింటర్ ఒలింపిక్స్‌లోకి కొత్తగా వచ్చిన స్కీ మౌంటెనీరింగ్‌లో పైకి మోసే ప్రతి గ్రామూ కాళ్ల మీదే పడుతుంది. మనం లిఫ్టులో కూర్చుని ఎక్కుతాం. దిగేటప్పుడు అడ్డుపడేది గాలి, దాన్ని తోసుకుపోవడానికి బరువు ఉంటేనే మేలు. డబ్బు పోసి బరువు తగ్గించుకోవడం దేనికి?

కార్బన్ దండగని మాత్రం అనను. దగ్గరదగ్గరగా పాతిన గేట్ల మధ్య మెలికలు తిరిగే స్లాలమ్ రేసులో సెకనుకో గేటు చొప్పున వస్తుంటే తేలికపాటి పోల్ (చేతికర్ర) చేతికి వరమే. కాకపోతే అల్యూమినియం పోల్ వంగుతుంది, కార్బన్ పోల్ ఫట్‌మని విరుగుతుంది. ముంజేతికి, పిక్కల ముందుకి కట్టుకునే గార్డుల్లోనూ కార్బన్ బాగుంటుంది. స్కీలోనూ దాని అసలు గొప్ప బిగువు. పోగులు ఏ దిశలో పరిస్తే ఆ దిశలో బిగువొస్తుంది, మలుపులో స్కీ మెలితిరగదు. ఆ పోగులు ఎటు పరిచారో, అదురుని ఎంత మింగుతుందో చెప్పమంటే అమ్మేవాళ్లు నీళ్లు నములుతారు. గ్రాములు మాత్రం పెద్దక్షరాల్లో వేస్తారు.

నా ఈకల జత ఇప్పుడు మెత్తటి మంచు రోజులకే. రేసు రోజున బరువైన పాత జతే. దాన్ని భుజాన వేసుకుని లిఫ్టు దాకా నడిచేటప్పుడు మాత్రం తిట్టుకుంటూనే నడుస్తాను.