మేనమామ పాట, మేనల్లుడి మాట

రంగస్థల నటుడు బళ్లారి రాఘవ సినిమాల్లో రాణించలేదని ఆయన గురించి రాసేవాళ్లు ఒక్క వాక్యంలో తేల్చేస్తుంటారు. 1936లో 'ద్రౌపదీ మానసంరక్షణం', 1939లో 'రైతుబిడ్డ', 1940లో 'చండిక'. మూడే సినిమాలు. లెక్కతో నాకు తగువు లేదు, తీర్పుతోనే ఉంది. రాణించకపోవడానికి కారణం వెతకాల్సింది రాఘవలో కాదు, ఆనాటి టాకీలో, అంటే మాటలు నేర్చిన సినిమాలో. ఇంకా చెప్పాలంటే, రాఘవ మేనమామ ఇంట్లో.

ముందు ఊరి సంగతి. బళ్లారి ఆయన ఇంటిపేరు కాదు. 1880 ఆగస్టు 2న పుట్టింది తాడిపత్రిలో, పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. అప్పటికి అనంతపురం జిల్లాయే లేదు. రెండేళ్ల తర్వాత, 1882లో, బళ్లారి నుంచి విడదీసి దాన్ని ఏర్పాటు చేశారు. వకీలుగా పేరు తెచ్చుకున్నది బళ్లారిలో కాబట్టి ఆ ఊరే పేరులోకి వచ్చి కూర్చుంది. 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రంలోకి వెళ్లింది. తాడిపత్రి ఇక్కడే ఉంది, కానీ 'మా ఊరివాడే' అని గట్టిగా అనేవాళ్లు నాకు అక్కడ పెద్దగా తగల్లేదు.

ఇక మేనమామ. ఆంధ్ర నాటక పితామహుడని పేరున్న ధర్మవరం రామకృష్ణమాచార్యులు. బళ్లారిలో సరస వినోదినీ సభ పెట్టి, 1887లో 'చిత్రనళీయం' ఆడించి, తెలుగు రంగస్థలం మీద పద్యాన్ని రాగంతో పాడించే పద్ధతికి గట్టి పునాది వేసింది ఆయనే. 1912లో కన్నుమూశారు. ఇరవై ఏళ్ల తర్వాత, 1932లో, తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' వస్తే దానికి ఆధారం ఆయన నాటకమే. అంటే మన తెర నోరు తెరవగానే అందుకున్నది ధర్మవరంవారి బాణీని.

ఆ బాణీ ఏమిటో తెలియాలంటే పాత పుస్తకాలు తిరగేయనక్కర్లేదు. మా వైపు జాతరల్లో ఇప్పటికీ కురుక్షేత్రం ఆడతారు. రాత్రి ఒంటిగంట దాటాక దుర్యోధనుడు వస్తాడు. అద్దాల ముక్కలు పొదిగిన భుజకీర్తులు, చేతిలో గద. పద్యం నాలుగు పాదాలు అర నిమిషంలో అయిపోతాయి. తర్వాత అసలు పని మొదలవుతుంది. చివరి అక్షరాన్ని పట్టుకుని రాగం తీస్తాడు. హార్మోనియం ఆయన మెడ పక్కకి వంచి, కళ్లు మూసుకుని వెంటపడతాడు. ఎదురుగా నిలబడ్డ కృష్ణుడు ఈలోగా ఏం చేయాలో తెలియక పిల్లనగ్రోవి సర్దుకుంటాడు. జనం 'వన్స్‌మోర్' అంటారు. చావు కబురు విన్నవాడైనా సరే, మళ్లీ అదే పద్యం, అదే దుఃఖం, మొదటినుంచి. నాకు ఇదంతా ఇష్టమే, తెల్లవారేదాకా కూర్చుంటాను. కానీ ఇది కచేరీ. నటన దీని సందుల్లో ఎక్కడో ఉంటుంది.

రాఘవ తిరగబడింది సరిగ్గా దీని మీదే. ఆ ఇంటి పిల్లవాడే అయి ఉండి, పాత్ర రాగం తీయడానికి కాదు బతకడానికి ఉందన్నట్టు నటించాడు. పద్యాన్ని మాటకు దగ్గరగా లాక్కొచ్చాడు. కోలాచలం శ్రీనివాసరావు 'రామరాజు చరిత్ర'లో పఠాన్ రుస్తుం వేషం ఆయనకు ఎనలేని కీర్తి తెచ్చింది. స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని పట్టుబట్టి, మర్యాదస్తుల ఇళ్ల ఆడవాళ్లను రంగస్థలం ఎక్కించాడు. కోర్టులో పబ్లిక్ ప్రాసిక్యూటరు. గొంతు ఎప్పుడు పెంచాలో, ఎప్పుడు తగ్గించాలో అక్కడే సగం నేర్చుకుని ఉంటాడని నా ఊహ.

అలాంటి మనిషి యాభై అయిదు దాటిన వయసులో, 1936 నాటి 'ద్రౌపదీ మానసంరక్షణం'లో దుర్యోధనుడిగా కెమెరా ముందుకొచ్చాడు. అదే ఏడాది అదే కథతో పోటీగా 'ద్రౌపదీ వస్త్రాపహరణం' వచ్చింది. అందులో దుర్యోధనుడు యడవల్లి సూర్యనారాయణ, కృష్ణుడు సి.ఎస్.ఆర్. జనం దానికే పట్టం కట్టారు. ఆ రోజుల్లో నేపథ్యగానం లేదు, నటుడే సెట్టు మీద పాడాలి. వాద్యగాళ్లు ఫ్రేములో పడకుండా పక్కన నక్కి వాయించేవారు. మైకు ఎక్కడుంటే మొహం అక్కడుండాలి. ఇన్ని కట్టుబాట్ల మధ్య నిర్మాత వెతికేది గొంతున్నవాణ్ణే. అది తప్పని కూడా అనలేం.

నటుడు చిత్తూరు నాగయ్య మాటేమిటని అడగవచ్చు. 1938లో 'గృహలక్ష్మి'తో వచ్చిన ఆయన నటన కూడా నెమ్మదైనదే కదా. నిజమే. కానీ నాగయ్యకు పాట ఉంది. ఆ గొంతే తలుపు తీసింది, నటన దాని వెనక లోపలికి నడిచింది. రాఘవ చేతిలో ఆ తాళంచెవి లేదు, ఆయన కోరుకోనూ లేదు.

మూడు సినిమాల్లో రాఘవకు సరిపోయిన బట్ట 'రైతుబిడ్డ' ఒక్కటే. గూడవల్లి రామబ్రహ్మం తీసిన సాంఘికం. కిరీటం లేదు, గద లేదు, అప్పుకీ ఓటుకీ మధ్య నలిగే నర్సిరెడ్డి అనే రైతు. ఇందులో పాటల భారం టంగుటూరి సూర్యకుమారి లాంటివాళ్లు మోశారు, రాఘవ రైతుగా ఉంటే సరిపోయింది. డబ్బు పెట్టినవారు చల్లపల్లి రాజా. స్వయానా జమీందారు. తోటి జమీందార్లు మాత్రం మండిపడ్డారు, కొన్ని చోట్ల సినిమాను నిషేధించారు. రాఘవకు తగిన పాత్ర దొరికిన ఒక్కసారీ తెరనే పూర్తిగా అందనివ్వలేదు. 'చండిక' నటి కన్నాంబ సినిమా. దాన్ని బట్టి ఆయన్ని తూచడం నాకు ఇష్టం లేదు.

నేపథ్యగానం స్థిరపడ్డాక ఈ చిక్కు దానంతటదే విడిపోయింది. గొంతు ఒకరిది, మొహం ఒకరిది అయ్యాక పాట రానివాడు కూడా రాక్షసుడూ చక్రవర్తీ కాగలిగాడు. 1957 'మాయాబజార్'లో ఘటోత్కచుడు వివాహ భోజనం ముందు కూర్చుని పాడే గొంతు మాధవపెద్ది సత్యానిది. ఆ నవ్వు, ఆ కనుబొమలు, ఆ మాట విరుపు ఎస్.వి. రంగారావువి. తీసిన కె.వి. రెడ్డిది తాడిపత్రే. 1946 ఏప్రిల్‌లో రాఘవ పోయి అప్పటికి పదకొండేళ్లు.