మంత్రగత్తెలు లేని ఊళ్లో మంత్రగత్తెల జాతర

అక్టోబరు వచ్చిందంటే బోస్టన్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాల్లో వీకెండ్ ప్లాన్లు మొదలవుతాయి. ఒక శనివారం యాపిల్ తోట, ఇంకో శనివారం రంగులు మారిన ఆకులు, మరో శనివారం సేలం. తమిళనాడు సేలం కాదు లెండి. బోస్టన్ నుంచి రైల్లో అరగంట దూరంలో ఉన్న పాత రేవు పట్టణం. అక్కడి ఎసెక్స్ స్ట్రీట్‌లో ఆ నెలంతా ఇసుకేస్తే రాలనంత జనం. కోసుగా ఉండే నల్లటోపీలు, పొగ మిషన్లు, హాంటెడ్ హౌస్‌ల ముందు క్యూలు, చీకటి పడ్డాక గైడ్ల వెంట సాగే దెయ్యాల టూర్లు. దాదాపు 44 వేల జనాభా ఉన్న ఊరికి 2022 అక్టోబరులో పది లక్షల మందికి పైగా వచ్చారు.

భయపడటానికి డబ్బులిచ్చి వెళ్లడం మీద నాకు ఫిర్యాదు లేదు. పిల్లలు కెవ్వుమని అరిచి, మరుక్షణం పగలబడి నవ్వడం చూడ్డానికి బాగానే ఉంటుంది. నా అభ్యంతరమల్లా అక్కడ ఎవర్ని దెయ్యాలుగా చూపిస్తున్నారన్న దాని మీదే.

1692లో అప్పటి సేలం విలేజ్‌లో పాస్టర్ శామ్యూల్ ప్యారిస్ ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలకు అంతుపట్టని మూర్ఛలు మొదలయ్యాయి. చేతబడి అన్నారు. మొదట వేలు చూపించింది ముగ్గురి వైపు: ఇంట్లో బానిసగా ఉన్న టిటుబా, ఇంటింటికీ తిరిగి అడుక్కునే సారా గుడ్, మంచాన పడ్డ సారా ఆస్బర్న్. తర్వాత అనుమానం ఊళ్లు దాటింది. ఆ ఏడాది జూన్ నుంచి సెప్టెంబరు లోపల 19 మందిని ఉరి తీశారు. వాళ్లలో 14 మంది ఆడవాళ్లు. నేరం చేశావా లేదా అన్న ప్రశ్నకు జవాబివ్వనందుకు ఎనభై ఏళ్ల జైల్స్ కోరీ మీద బండరాళ్లు పేర్చి చంపారు. జైల్లో కనీసం ఐదుగురు పోయారు.

ఆ కోర్టు నమ్మిన సాక్ష్యం ఎలాంటిదో తెలిస్తే ఈ జాతర వేరేగా కనిపిస్తుంది. నిందితురాలు ఇంట్లో పడుకుని ఉండొచ్చు, జైల్లో సంకెళ్లతో ఉండొచ్చు. అయినా ‘ఆవిడ ఛాయ రాత్రి నా గదిలోకొచ్చి గొంతు నొక్కింది’ అని ఎవరైనా చెబితే దాన్ని సాక్ష్యంగా రాసుకునేవాళ్లు. కాదని నిరూపించుకునే దారి లేదు. ఆ ఛాయ ఫిర్యాదు చేసినవాళ్లకు తప్ప ఇంకెవరికీ కనిపించదు కదా! చివరికి బోస్టన్ మతపెద్ద ఇంక్రీస్ మాథరే, ఒక్క నిర్దోషి బలవడం కన్నా పదిమంది అనుమానితులు తప్పించుకోవడం మేలని రాయాల్సి వచ్చింది. అక్టోబరు నెలాఖరుకు గవర్నర్ విలియం ఫిప్స్ ఆ కోర్టును రద్దు చేశాడు. తర్వాత వచ్చిన కోర్టులో ఛాయల సాక్ష్యం చెల్లదన్నారు. అక్కణ్ణుంచి చాలా కేసులు ఒక్కొక్కటిగా వీగిపోయాయి.

మరి ఇప్పటి దెయ్యాల టూర్లలో చెప్పేదేమిటి? జైల్స్ కోరీ ఛాయ శ్మశానం దగ్గర కనిపిస్తుందట. ఊరికి కీడు జరిగే ముందు వస్తుందట. అప్పట్లో ఉరి తీసిన బ్రిడ్జెట్ బిషప్ ఆత్మ ఇంకా తిరుగుతోందట. 1692లో ఏ మాట మీద వీళ్ల ప్రాణాలు తీశారో, ఇవాళ టికెట్టు పెట్టి అమ్ముతున్నదీ ఆ మాటే. కోర్టు కొట్టేసిన సాక్ష్యాన్ని గైడ్లు మళ్లీ తెరిచారు.

ఇంకో సంగతి మరీ బాధగా ఉంటుంది. ఆ విచారణల్లో ‘అవును, నేను మంత్రగత్తెనే’ అని ఒప్పుకుని, ఆ మాట మీదే నిలబడ్డవాళ్లెవర్నీ ఉరి తీయలేదు. టిటుబా ఒప్పుకుంది, బతికింది. 71 ఏళ్ల రెబెకా నర్స్ ఒప్పుకోలేదు. జ్యూరీ ముందు నిర్దోషి అని తేల్చి, మళ్లీ ఆలోచించుకోమన్నాక మాట మార్చింది. జులై 19న ఆవిణ్ణి ఉరి తీశారు. అంటే ప్రాణం పోయినా సరే మంత్రగత్తెనని చెప్పనన్నవాళ్లే చనిపోయారు. వాళ్ల పేరు చెప్పుకుని ఊరు తనను తాను మంత్రగత్తెల నగరం అని పిలుచుకుంటోంది. అక్కడి పోలీసుల బ్యాడ్జి మీద కూడా చీపురెక్కి ఎగిరే మంత్రగత్తె ఉంటుంది. ‘మంత్రగత్తె ఇల్లు’ అని టూరిస్టులు ఫొటోలు దిగే నల్లటి చెక్క భవనం ఎవరిదో తెలుసా? నిందితులను ప్రశ్నించిన జడ్జి జొనాథన్ కార్విన్‌ది!

ఊరు ఇలా ఎందుకైందన్నదానికి జవాబు మాత్రం అంత కష్టం కాదు, డబ్బు. ఒకప్పుడు సేలం ఓడలు సుమత్రా మిరియాలకు, కలకత్తా, మద్రాసు సరుకులకు పెట్టింది పేరు. ఊరి అధికార ముద్ర కోసం అప్పట్లో ఎంచుకున్నది కూడా మంత్రగత్తెను కాదు, గొడుగు చేతబట్టిన తూర్పుదేశపు మనిషిని. పెద్ద ఓడలొచ్చాక ఆ లోతులేని రేవు వెనకబడింది. మిల్లులు వచ్చాయి, పోయాయి. మోనోపలీ ఆట తయారుచేసిన పార్కర్ బ్రదర్స్ ఫ్యాక్టరీ కూడా 1991లో మూతపడింది. 1970లో ఒక మంత్రగత్తె కామెడీ సీరియల్ షూటింగ్‌తో ఊరికి కొత్త గిరాకీ తగిలింది. 1982లో ఒక వీకెండ్ పండగగా మొదలుపెట్టింది ఇప్పుడు నెల రోజుల జాతరైంది. చిన్న షాపులవాళ్లకు ఏడాది గడిచేది ఈ నెల బేరంతోనే. వాళ్లను తప్పుపట్టడం తేలిక, ఇంకేదైనా దారి చూపించడం కష్టం. ఈ మాట నేనూ ఒప్పుకుంటాను.

కానీ ఏది ముందు, ఏది వెనుక అన్నది చూడండి. చనిపోయినవాళ్ల స్మారకం ఊళ్లో 1992లో వచ్చింది, అంటే పండగ మొదలైన పదేళ్లకు. ఉరి తీసిన చోటు ప్రాక్టర్స్ లెడ్జ్ అని 2016లో నిర్ధారించి, మరుసటేడు అక్కడ ఒక చిన్న రాతిగోడ కట్టారు. మందుల షాపు వెనకాల, ఇళ్ల మధ్య ఉంటుంది. అక్కడికెళ్లే జనం తక్కువ. మొట్టమొదట ఉరికెక్కిన బ్రిడ్జెట్ బిషప్‌ను పేరు పెట్టి నిర్దోషి అని చట్టం చేసింది 2001లో. గవర్నర్ దాని మీద సంతకం పెట్టిన రోజు అక్టోబరు 31, హాలోవీన్! శిక్ష పడి ఉరి తప్పించుకున్న ఎలిజబెత్ జాన్సన్‌కైతే 2022 దాకా విముక్తి లేదు. ఆమె కోసం పట్టుబట్టింది దెయ్యాల టూర్ల వాళ్లు కాదు, నార్త్ ఆండోవర్‌లో ఎనిమిదో తరగతి పిల్లలు, వాళ్ల టీచరు.

మనకు ఇది పరాయి కథ అనిపించకూడదు. బాణామతి చేసిందని ముసలావిణ్ణి కొట్టారనో, చేతబడి అనుమానంతో చంపారనో తెలుగు పేపర్లలో జిల్లా పేజీల్లో ఇప్పటికీ చదువుతూనే ఉన్నాం. పిల్లకు జ్వరం, గేదె పాలివ్వకపోవడం, పొలం గట్టు తగాదా... వేలు చూపించడానికి కారణాలు సారా గుడ్ కాలంలోనూ ఇలాంటివే. అలా చంపేసిన మనిషి దెయ్యమై తిరుగుతోందని మన ఊళ్లో ఎవరైనా షో పెడితే, ఆవిడ మనవడు ఆ క్యూ పక్కనుంచి ఎలా నడిచి వెళ్తాడు? సేలంలో మూడు వందల ఏళ్లు గడిచాయి కాబట్టి నవ్వు వస్తోంది.

నన్నడిగితే హాంటెడ్ హౌస్‌లు ఉండనివ్వండి. వాంపైర్లు, జాంబీలు, అస్థిపంజరాలు, అన్నీ ఉండనివ్వండి. 1692లో చనిపోయినవాళ్ల పేర్లు మాత్రం దెయ్యాల టూర్లలోంచి తీసేయాలి. నగరపాలక సంస్థ తల్చుకుంటే అయ్యే పనే. పిల్లలతో వెళ్లేవాళ్లు చార్టర్ స్ట్రీట్ శ్మశానం పక్కనున్న స్మారకం దగ్గర కాసేపు ఆగండి, టికెట్టు లేదు. గోడలోంచి పొడుచుకొచ్చిన 20 రాతి బల్లలుంటాయి. ఒక్కోదాని మీద ఒక పేరు, ఎలా చంపారు, ఏ తేదీన. లోపలికి అడుగుపెట్టేచోట నేల మీద, మేం నిర్దోషులమని కోర్టులో వాళ్లు మొరపెట్టుకున్న మాటలు చెక్కారు. ఆ వాక్యాలు కొన్ని సగంలోనే గోడ కిందికి వెళ్లి ఆగిపోతాయి, ఎవరూ వినిపించుకోలేదని చెప్పడానికి. అక్టోబరు రద్దీలో జనం ఆ అక్షరాలను తొక్కుకుంటూనే లోపలికి వెళ్తారు. నిందితులను ప్రశ్నించిన మరో జడ్జి జాన్ హాథోర్న్ సమాధి పక్కనే ఉన్న ఆ శ్మశానంలో ఉంది, పేరు చెక్కిన రాయితో సహా. ఉరి తీసినవాళ్లను ఎక్కడ పూడ్చారో మాత్రం చూపించడానికి ఆ ఊళ్లో ఒక్క సమాధి కూడా లేదు.