గాలివాటం మూడుసార్లు వీస్తుందా?
ఫిలిప్పీన్స్ టెన్నిస్ అమ్మాయి అలెగ్జాండ్రా ఈలా మయామీ ఓపెన్ టోర్నీలో పెద్ద మ్యాచ్‌లు గెలిచింది గాలివాటంగానే అని ఒకరు రాశారు, నేను ఒప్పుకోను. 2025లో 140వ ర్యాంకుతో, వైల్డ్ కార్డ్ (ర్యాంకు చాలకపోయినా నిర్వాహకులు ఇచ్చే అవకాశం) మీద వచ్చి ఒస్టాపెంకో, కీస్, స్వియాటెక్‌లను ఒక్క సెట్టూ పోకుండా ఓడించింది. ముగ్గురూ గ్రాండ్‌స్లామ్ గెలిచినవాళ్లే! 2022లోనే యూఎస్ ఓపెన్ జూనియర్ టైటిల్ కొట్టిన పిల్ల మరి. చిన్నప్పుడే స్పెయిన్‌లోని నాదల్ అకాడమీకి వెళ్లింది, అసలు సంగతి అక్కడి వసతుల్లో ఉంది. మా హన్మకొండలో మా పాప రాకెట్ గట్టింగ్ (తీగల అల్లిక) తెగితే హైదరాబాద్ వెళ్లేవాళ్ల చేతికిచ్చి పంపుతాను, అది తిరిగొచ్చేదాకా నా పాత రాకెటే గతి. ప్రాక్టీసంతా బూరు పోయి నున్నబడిన బంతులతోనే. టోర్నమెంట్‌లో కొత్త బంతుల డబ్బా తెరిస్తే, ఆ బంతికి అలవాటుపడేలోపే మొదటి సెట్టు పోతుంది.