పుస్తకాలు గౌరవంగా వదిలించుకునే విధానం

తెలుగువాడు పాత పేపర్లు కిలోల లెక్కన అమ్ముతాడు గాని పుస్తకాన్ని తూకానికి వేయడు. కాలు తగిలితే కళ్లకద్దుకునే వస్తువు కదా, చేతులు రావు. చదవడానికీ రావు. ఈలోగా బీరువాలు నిండిపోయాయి. ఇందుకు నగరాలు కనిపెట్టిన పరిష్కారమే సర్‌ప్రైజ్ బుక్ స్వాప్ పార్టీ. మనం చదవని పుస్తకాన్ని కాగితంలో చుట్టి, అవతలివాళ్లు చదవని పుస్తకంతో మార్చుకుని, విజ్ఞానం వ్యాపించిందన్న తృప్తితో ఇంటికి రావడం అన్నమాట.

1935లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లా పెదవడ్లపూడి నుంచి పుస్తకాలను పడవకెత్తి కాలువ పక్క ఊళ్లకు పంపారు. అప్పటి పాఠకులు పుస్తకం కోసం గట్టు దాకా నడిచారట. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతూ, శాఖా గ్రంథాలయం ఏ సందులో ఉందో తెలియని మనవల్ల అది కాదు. కనుక పార్టీ తప్పదు. తప్పనప్పుడు పద్ధతి ప్రకారం చేయాలి.

ముందు తేలవలసింది, సర్‌ప్రైజ్ ఎవరికి అన్నది. కొందరు ఉత్సాహవంతులు అసలు సంగతి చెప్పకుండా ‘ఊరికే, భోజనానికి రండి’ అని పిలుస్తారు. వచ్చినవాళ్లంతా స్వీటు డబ్బాలతో వస్తారు. అప్పుడు మార్చుకోవడానికి మైసూర్‌పాకులే మిగులుతాయి. (అదే మెరుగనే వర్గం ఒకటుంది, వాళ్లతో వాదించలేం.) పోనీ ‘మా ఇంటినుంచి తీసుకెళ్లిన పుస్తకం పట్టుకురండి’ అని పిలుద్దామా? ఎవరూ రారు, ఆరునెలలు ఫోన్ కూడా ఎత్తరు. కాబట్టి పార్టీ సంగతి పది రోజుల ముందే బాహాటంగా చెప్పి, ఏ పుస్తకం తెస్తున్నారో మాత్రం దాచమనాలి.

ఎనిమిది నుంచి పన్నెండు మంది చాలు. మనిషికి ఐదు నిమిషాలు వేసుకున్నా గంటలో తేలుతుంది. పదిహేను దాటిందా, చివరి చీటీ వచ్చినాయన వంతు వచ్చేసరికి చెప్పులు వెతుక్కుంటూ ఉంటాడు. ధర 300 రూపాయలు దాటకూడదు, పాతదైనా ఫర్వాలేదు. ‘మా ఇంట్లో పుస్తకాల్లేవండీ’ అనేవారిని ఆదివారం పొద్దున్నే పాత పుస్తకాలు దొరికే చోటికి, అంటే హైదరాబాద్ వారైతే ఆబిడ్స్ ఫుట్‌పాత్‌కి, బెజవాడ వారైతే లెనిన్ సెంటర్‌కి తోలాలి. ఇంత చేసినా ఒకరు ఉత్తచేతులతో వస్తారు, మరొకరు చెప్పకుండా తోడల్లుణ్ణి వెంటబెట్టుకొస్తారు. అందుకు ఇంటివారు రెండు పుస్తకాలు అదనంగా చుట్టి ఉంచుకోవాలి.

చుట్టే ముందు పుస్తకాన్ని మొదటినుంచి చివరిదాకా తిప్పాలి. చదవమనడం లేదు, భయపడకండి. తెలుగు పుస్తకాల్లో ఒక్కోసారి బైండింగులో ఒక ఫారం, అంటే కలిపి కుట్టే పేజీల కట్ట, ఎగిరిపోతుంది. 48వ పేజీ తర్వాత 65 వస్తుంది, హంతకుడు ఆ పదహారు పేజీల్లోనే దొరికిపోయి ఉంటాడు. ఆ తర్వాత మొదటి పేజీ చూడాలి. ‘పెళ్లిరోజు శుభాకాంక్షలతో’ అని సంతకం పెట్టి ఇచ్చిన దంపతులు సాధారణంగా అదే గదిలో కూర్చుని ఉంటారు.

న్యూస్‌పేపర్లో నేరుగా చుడితే సిరా తెల్ల అట్టకు అంటుతుంది. లోపల ఒక తెల్ల కాగితం వేసి, పైన పేపరు రెండు పొరలు వేయాలి. సెలోటేపు వద్దు. విప్పే ఆత్రంలో అట్ట కూడా ఊడి వస్తుంది, పురికొస మేలు. నిఘంటువులాంటి బండ పుస్తకం ఎంత చుట్టినా దాగదు కాబట్టి అన్నిటినీ ఒకే కొలత అట్టపెట్టెల్లో పెట్టడం మంచిది. పైన పేరు, రచయిత లేకుండా మూడు ముక్కల్లో సూచన రాయాలి: ‘పల్లెటూరు, ఆస్తి తగాదా, చివర్లో వాన.’ ఒక మూల ‘తె’ అనో ‘ఇం’ అనో భాష గుర్తు వేయడం మరవొద్దు. తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాని పిల్లలు ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. వాళ్లు అమెరికా వెళ్లినప్పుడు చేతికొచ్చిన తెలుగు పుస్తకం 23 కిలోల పెట్టెలో ఆవకాయతో పోటీపడి ఓడిపోతుంది.

ఇక ఆట. చీటీలు వేసి అంకెలు పంచాలి. ఒకటో నంబరు ఒక కట్ట విప్పుతుంది. రెండో నంబరు కొత్తది విప్పవచ్చు, లేదా ఒకటో నంబరు చేతిలోది లాక్కోవచ్చు. పోగొట్టుకున్నవారు కొత్త కట్ట తీసుకోవాలే గాని అప్పటికప్పుడు తమది తిరిగి లాక్కోకూడదు. ఒక పుస్తకాన్ని రెండుసార్లకు మించి లాక్కోరాదు. ఈ నిబంధన పెట్టకపోతే వంటల పుస్తకం ఒకటి రాత్రి పదిన్నర దాకా తిరుగుతూనే ఉంటుంది. అంతా అయ్యాక ఒకటో నంబరుకు ఇంకో అవకాశం ఇవ్వాలి, పాపం మొదట లాక్కోవడానికి ఏమీ లేదు గనుక.

నిషేధాల జాబితాలో గ్రూప్-2 గైడ్లు, ఏడు రోజుల్లో కోటీశ్వరుణ్ణి చేసేవి, బ్యాంకు డైరీలు ఉంటాయి. వారపత్రికలో సీరియల్ పేజీలు చింపి ఇంట్లో కుట్టుకున్న పాత బైండును మాత్రం తప్పక అనుమతించాలి. మధ్యలో రెండు వారాలు లేకపోయినా, వెనకవైపు తలనొప్పి మాత్రల ప్రకటనలున్నా, ఎక్కువ కొట్లాట దానికోసమే జరుగుతుంది.

అన్నిటికన్నా తీవ్రమైన అంశం కవిగారు. ప్రతి స్నేహబృందంలోనూ ఒకరుంటారు. సొంత డబ్బుతో 500 ప్రతులు వేయించి, ఆవిష్కరణ సభలో నలభై పంచి, మిగతావి మంచం కింద పెట్టుకున్నవారు. ‘ఒక్కొక్కరు ఒకే పుస్తకం’ అని చెబితే ఆయన ఒప్పుకుంటారు, పది ప్రతులు తెస్తారు, ‘పుస్తకం ఒకటే కదా’ అంటారు. ‘సొంత రచన చెల్లదు’ అని రాతపూర్వకంగా పెడితే భార్య పేరున తెస్తారు. సంతకం చేసిన ప్రతిని పక్కింటికి ఇవ్వలేం, కవిగారు బతికుండగా అమ్మలేం. ఆయన్ను ఆట నిర్వాహకుడిగా నియమించి, చీటీల డబ్బా చేతికివ్వడం ఒక్కటే కొంతవరకు పనిచేసిన మార్గం. ముందుమాట చదువుతానంటే వెంటనే టీ తేవాలి.

టీ కూడా వేరే బల్ల మీదే. ఆట పూర్తయ్యేదాకా ఉడకబెట్టిన పల్లీలు చాలు. మిరపకాయ బజ్జీలు ముందే పెడితే ఆ రాత్రి చేతులు మారిన ప్రతి పుస్తకానికీ నూనె వేలిముద్ర పడుతుంది. పోలీసులకు పనికొస్తుందేమో గాని పాఠకులకు కాదు.

చివరి అట్ట లోపల పెన్సిలుతో తేదీ వేసి పంపాలి. మరుసటి ఏడాది అదే పుస్తకం, అదే పేపర్లో, అదే ముడితో తిరిగి వస్తే ఎవరూ విప్పలేదని తేలుతుంది. నాలుగు తేదీలు పడిన పుస్తకాన్ని ఇక తిప్పకుండా శాఖా గ్రంథాలయానికి ఇచ్చేయాలి. వాళ్లూ తీసుకోకపోతే కవిగారింటికి పంపవచ్చు. మంచం కింద పది ప్రతుల చోటు ఖాళీ అయింది కదా.